వెనక సీటు చూసి కొన్న బండి

అది 2001 వేసవి. మంగళగిరి మెయిన్ రోడ్డు మీద ఒక మోటారు సైకిళ్ల షోరూములో నేను సేల్స్‌మన్‌గా పనిచేసేవాణ్ణి. పేరుకి సేల్స్‌మన్నే గానీ, అమ్మిన బండి నేర్పే పని కూడా నా నెత్తినే ఉండేది. అప్పట్లో మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది సైకిలు తప్ప మరొకటి ఎక్కినవాళ్లు కాదు. బండి కొన్నాక నేర్చుకోవచ్చులే అని ధైర్యంగా వచ్చేసేవాళ్లు.

మా వైపు బండి కొనడం ఒక్కడు చేసే పని కాదు. కొనేవాడి వెంట బావమరిది వస్తాడు, పెదనాన్న కొడుకు వస్తాడు, పక్కింటాయన వస్తాడు. ప్రతివాడూ ఒక మెకానిక్కే. ఒకడు హారన్ కొడతాడు, ఒకడు టైరు తంతాడు, ఇంకొకడు మైలేజీ గురించి నాకే పాఠం చెబుతాడు. అసలు కొనేవాడు మాత్రం ఏదో మూల నిలబడి నవ్వుతూ ఉంటాడు. చివరికి మిగతావాళ్లంతా ఒప్పుకున్న బండినే ఇంటికి తీసుకెళతాడు. ఆ మూల నిలబడ్డ మనిషిని ముందు వెతికి పట్టుకోవడమే మా వృత్తిలో మొదటి పని అని నేను అనుకునేవాణ్ణి. అది కూడా సగం పనేనని నాకు నేర్పినవాళ్లు సాంబయ్య గారు, ఆయన కూతురు మాధవి.

సాంబయ్య గారు మంగళగిరి పక్క పల్లెలో నేతపని చేసేవారు. నలభై దాటిన మనిషి, పొట్టిగా, బక్కపలచగా ఉండేవారు. వెంట బావమరిది నాగరాజు వచ్చాడు. ఆయన గుంటూరు మిర్చియార్డులో గుమాస్తా. రోజంతా బస్తాల మధ్య కేకలేసే గొంతు కదా, షోరూములో కూడా అదే గొంతు.

"ఆ ఎర్రది తియ్యి తమ్ముడూ. అదే మా బావకి," అన్నాడు వస్తూనే.

ఆయన చూపించింది మా దగ్గరున్న వాటిల్లో అన్నిటికంటే పెద్ద బండి. పికప్ ఎక్కువ, అంటే యాక్సిలరేటర్ కాస్త తిప్పితే చాలు ముందుకు దూకుతుంది. రేపు హైవే ఎక్కబోయే కుర్రాళ్లు అడిగే బండి అది. సాంబయ్య గారు దాని మీద కూర్చుంటే మునివేళ్లు మాత్రమే నేలకి ఆనుతున్నాయి. పక్కకి కొద్దిగా వాలేసరికి నేను పట్టుకోవాల్సి వచ్చింది.

"కొత్తగా నేర్చుకునేవాళ్లకి రెండు పాదాలూ నేల మీద పూర్తిగా ఆనాలండీ. కెర్బ్ వెయిట్ కూడా తక్కువుండాలి. అంటే పెట్రోలుతో కలిపి బండి బరువన్నమాట. పడబోతే మీరు ఆపగలగాలి," అని చెప్పి హండ్రెడ్ సీసీ బండ్ల వైపు తీసుకెళ్లాను.

నాగరాజు మొహం చిట్లించాడు. "అయ్యి పాలోళ్ల బళ్లయ్యా. నలుగురిలో మా బావకి పరువేం మిగులుద్ది?"

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం మనిషి. నేను ఆయనతో వాదించకుండా సాంబయ్య గారినే అడిగాను. "బండి ఎందుకు కొంటున్నారండీ? దేనికి వాడతారు?"

ఆయన తటపటాయించి, రోడ్డు వైపు చూశారు. "మా అమ్మాయి కోసం బాబూ. పోలియో కాలు. పదోతరగతి ఫస్టు క్లాసులో పాసయింది. కాలేజీ ఈ ఊళ్లోనే. బస్సు మెట్టు ఎత్తు, ఎక్కలేదు. మొన్న పరీక్షలప్పుడు జనం తోస్తే కింద పడింది. వాళ్లమ్మ ఇంక పంపనంటోంది. కాలేజీ తెరిచేలోగా నేను బండి నేర్చుకుంటేనే దాని చదువు."

"అమ్మాయి ఏదండీ?"

"బయట ఆటోలో ఉంది. లోపలికెందుకులే, ఇబ్బందని..."

బండి ఎవరి కోసం కొంటున్నారో ఆ పిల్లని ఆటోలో ఎండలో కూర్చోబెట్టి, మేం ముగ్గురం లోపల ఫ్యాను కింద పరువు గురించి మాట్లాడుకుంటున్నాం. నాకు ఒళ్లు మండింది. వెళ్లి నేనే పిలిచాను. ఎడమకాలికి తొడ దాకా, కాలు మడతపడకుండా నిలిపే ఇనప క్యాలిపర్, చేతిలో ఒక కర్ర. మెట్ల దగ్గర నేను చెయ్యి అందించబోతే, "వద్దన్నయ్యా, నాకలవాటే," అని తనే ఎక్కి వచ్చింది.

పెద్ద బండి వెనక సీటు ఆ పిల్ల నడుం కంటే ఎత్తుగా ఉంది. నాగరాజు తేలిగ్గా, "ఏవుంది, మేం ఎత్తి కూర్చోబెడతాం," అన్నాడు.

"కాలేజీ దగ్గర ఎవరెత్తుతారు మావయ్యా?" అంది మాధవి.

ఆ ఒక్క మాటతో పెద్ద బండి సంగతి తేలిపోయింది. నాగరాజు చెడ్డవాడేం కాదు. గొంతు పెద్దదే గానీ, మేనకోడలంటే ప్రాణం. వెంటనే తనే ఒక్కొక్క బండినీ స్టాండు తీసి పట్టుకోవడం మొదలుపెట్టాడు. ఒకదానికి వెనక సీటు కింద పట్టుకునే కమ్మీ అందలేదు. ఇంకొకదానికి ఆడవాళ్లు పక్కకి కూర్చుని కాళ్లు పెట్టుకునే ఫుట్‌రెస్టు మరీ ఇరుగ్గా ఉంది, క్యాలిపర్ బూటు పట్టలేదు. చివరికి అన్నిటికంటే పాత మోడలు, నల్లది, ఎవరూ అడక్క మూలన పడున్న బండి దగ్గర ఆగాం. మాధవి కర్ర సీటుకి ఆనించి, కమ్మీ పట్టుకుని, ఎవరి సాయం లేకుండా ఎక్కి కూర్చుంది. మోకాలి దగ్గర క్యాలిపర్ లాకు తీసి కాలు ముడిచింది. టక్కుమని చప్పుడైంది. సాంబయ్య గారు ముందు కూర్చుంటే రెండు పాదాలూ నిండుగా నేల మీద ఆనాయి.

"ఇదే," అన్నారు తండ్రీ కూతుళ్లిద్దరూ.

"పాలోడి బండే రాసిపెట్టుందన్నమాట," అన్నాడు నాగరాజు నవ్వుతూ.

కొండ కింద గుడి దగ్గర బండికి పూజ చేయించారు. టైర్ల కింద నిమ్మకాయలు నేనే తొక్కించాను, సాంబయ్య గారికి రాదు కాబట్టి. అందరూ పానకం తాగారు. అసలు ముసళ్ల పండగ మర్నాటి నుంచి మొదలైంది.

హైస్కూలు గ్రౌండులో పొద్దున్నే నేర్పేవాణ్ణి. సాంబయ్య గారికి బ్యాలెన్సు బాగానే ఉంది, సైకిలు తొక్కిన మనిషే కదా. క్లచ్ మెల్లగా వదలడం, మేం హాఫ్ క్లచ్ అంటాం, అది కూడా తొందరగానే పట్టుకున్నారు. గేరు మార్చేటప్పుడే వచ్చేది తంటా. ఎడమకాలితో గేరు నొక్కగానే బండి ఒక్కసారి గర్జించి, ముందుకు దూకబోయి, ఎవరో తోక పట్టుకుని లాగినట్టు కుదుపుతో ఆగిపోయేది. ప్రతిసారీ అంతే. నేను బండి తీసుకుని నడిపి చూస్తే వెన్నలా వెళ్లేది. నా సర్వీసులో చాలామందికి నేర్పాను, ఇలాంటి రోగం ఎప్పుడూ చూడలేదు. మెకానిక్కుని పిలిపించి చూపించినా ఏమీ దొరకలేదు.

నాగరాజు కొనిపెట్టిన దళసరి బూట్లు వేసుకుని, చెమటలు కక్కుతూ సాంబయ్య గారు మళ్లీ మళ్లీ ప్రయత్నించేవారు. మాధవి స్కూలు మెట్ల మీద కూర్చుని చూస్తుండేది. కాలేజీలు తెరిచే రోజు దగ్గరపడుతోంది. ఒకరోజు బండి అలాగే ఆగి, పక్కకి ఒరిగి, ఆయన మోచెయ్యి గీరుకుపోయింది. లేచి, బండిని స్టాండు వేసి, తలపాగా తీసి మొహం తుడుచుకున్నారు.

"నావల్ల కాదు బాబూ. బండి వెనక్కి తీసుకుంటారేమో మీ ఓనరు గారిని కనుక్కోండి. అమ్మాయి ఇంటిపట్టునే ఉంటుంది. మా ఇళ్లల్లో ఆడపిల్లలు మగ్గం దగ్గర పని చేసుకునే బతుకుతున్నారుగా."

మెట్ల మీంచి మాధవి మెల్లగా అంది, "మగ్గం తొక్కాలన్నా కాలుండాలిగా నాన్నా."

నేతగాళ్ల ఇంట్లో పుట్టి మగ్గం ఎక్కలేని పిల్ల. ఆ పిల్లకి చదువు తప్ప ఇంకో దారి లేదని ఆయనకి తెలియక కాదు. అలసట ఆయన చేత అలా అనిపించింది. కళ్లు తుడుచుకుంటుంటే నేను అటు తిరిగి నిలబడ్డాను.

మాధవే మళ్లీ అందుకుంది. ఈసారి గొంతులో నవ్వుంది. "అయినా నాన్న బండి నడపట్లేదన్నయ్యా. చీర నేస్తున్నాడు."

"ఏంటమ్మా?"

"చూడు. ఎడమకాలు తొక్కుతాడు, కుడిచెయ్యి గుంజుతాడు, వెంటనే కుడికాలు తొక్కుతాడు. ఇంట్లో పొద్దస్తమానం చేసేదదే."

నాకు సరిగ్గా అర్థం కాలేదు. సాయంత్రం వాళ్ల ఇంటికి వెళ్లాను. వాళ్లది గుంట మగ్గం. నేతగాడు నేల మట్టాన కూర్చుని, గోతిలోకి కాళ్లు వేలాడేసి, అడుగున ఉన్న రెండు చెక్కల్ని వట్టి కాళ్లతో మార్చి మార్చి తొక్కుతాడు. ఎడమ చెక్క తొక్కి, కుడిచేత్తో తాడు గుంజితే దారమున్న నాడె ఇటు నుంచి అటు పరుగెడుతుంది. వెంటనే కుడి చెక్క తొక్కాలి. సాంబయ్య గారు కాసేపు నేసి చూపించారు. ఎంత చక్కటి చేతివాటమో. కాళ్లూ చేతులూ ఆయన చెప్పకుండానే వాటి పని అవి చేసుకుపోతున్నాయి. గ్రౌండులో కూడా అవి చేసింది అదే పని. ఎడమకాలు గేరు నొక్కగానే కుడిచెయ్యి యాక్సిలరేటర్‌ని గుంజేది, కుడికాలు బ్రేకు మీద పడేది. పాపం, బండి ఏం చేస్తుంది? దూకమనీ, ఆగమనీ ఒకేసారి చెబితే.

మర్నాడు ముందు బూట్లు విప్పించాను. గ్రౌండులో నేర్చుకున్నన్నాళ్లూ వట్టి కాళ్లే. ఏ కాలి కింద ఏముందో తెలుసుకోవడం ఆయన పాదాలకి చిన్నప్పటి నుంచి అలవాటు, దళసరి అట్ట అడ్డం పడి ఆ తెలివి పోయింది. తర్వాత రోడ్డెక్కేటప్పుడు పల్చటి అట్టున్న క్యాన్వాసు బూట్లు వేయించాను. కుడిపాదాన్ని కాస్త వెనక్కి జరిపి, ఫుట్‌రెస్టు మీద మధ్యపాదం ఆనేటట్టు పెట్టించాను, వేళ్లు ఊరికే బ్రేకు మీదికి పోకుండా. మిగతాది మాధవి చూసుకుంది. తండ్రి గేరు మార్చబోయిన ప్రతిసారీ మెట్ల మీంచి కేకేసేది.

"కుడికాలు కదపకు నాన్నా."

"కదపట్లేదే తల్లీ."

"కదిపావు. నాకు కనపడుద్ది."

నాగరాజు కూడా యార్డుకి సెలవు పెట్టి వచ్చి ఆ కేకలో గొంతు కలిపాడు. గ్రౌండు చుట్టూ ఇళ్లవాళ్లు గోడల మీంచి తొంగిచూసి నవ్వుకునేవాళ్లు. సాంబయ్య గారు పట్టించుకోలేదు. ఒకరోజు మొదటి గేరు నుంచి రెండుకి, రెండు నుంచి మూడుకి బండి ఒక్క కుదుపు లేకుండా వెళ్లిపోయింది. ఆయన గ్రౌండంతా తిరిగి నా దగ్గరికొచ్చి ఆగి, చిన్నపిల్లాడిలా నవ్వారు. ఆ నవ్వు చూశాక ఈ ఉద్యోగం మానేసి ఇంకేదైనా చూసుకుందామన్న ఆలోచన నాకు మళ్లీ రాలేదు.

కాలేజీ తెరిచిన రోజు పొద్దున షోరూము ముందు హారన్ మోగింది. ముందు ఎర్రటి ఎల్ బోర్డు. సాంబయ్య గారు చూపు రోడ్డు మీంచి తిప్పలేదు. వెనక మాధవి, కర్రని ఒళ్లో అడ్డంగా పెట్టుకుని, చెయ్యి ఊపింది. మా ఓనరు గారు కూడా లేచి బయటికొచ్చారు. ఆ దసరాకి సాంబయ్య గారు తన మగ్గం మీద నేసిన పంచె నాకు తెచ్చి ఇచ్చారు. వద్దంటే, "నువ్వు నాకు కాళ్లు నేర్పావు బాబూ," అన్నారు. ఆ పంచె నా పెళ్లిలో కట్టుకున్నాను.

ఆ తర్వాత నా పద్ధతి మారిపోయింది. ఎవరొచ్చినా మొదట బడ్జెట్ ఎంత, మైలేజీ ఎంత కావాలి అని అడగడం మానేశాను. వెనక ఎవరు కూర్చుంటారండీ అని అడుగుతాను. కొందరు నవ్వుతారు, కొందరు ఆలోచనలో పడతారు. నిండు గర్భిణి అని ఒకరంటారు, పురుగుమందు డబ్బాలని ఒకరంటారు. రెండో ప్రశ్న, మీరేం పని చేస్తారండీ. రోజంతా కాళ్లూ చేతులూ ఏ పనికి అలవాటుపడ్డాయో తెలిస్తే, ఏ బండి ఇవ్వాలో, ఎలా నేర్పాలో సగం తెలిసిపోతుంది. ఈ రెండు ప్రశ్నలతోనే ఇన్నేళ్లు అన్నం తిన్నాను. అవి వాళ్లిచ్చినవే.

కొన్నేళ్లు గడిచాయి. గేర్లు లేని స్కూటర్లు వచ్చాయి, వాటికి వెనక అటూ ఇటూ రెండు సైడ్ వీల్స్ బిగించి, కాళ్లు సరిగా లేనివాళ్లు నడుపుకునేలా చేయడం మా ఊళ్లోనూ మొదలైంది. ఒక ఉదయం షోరూము గచ్చు మీద తెలిసిన కర్ర చప్పుడు వినిపించి తలెత్తాను. మాధవి. టీచరు ఉద్యోగం వచ్చిందట. పోస్టింగు పక్క మండలంలో. చేతిలో అదే కర్ర, భుజాన బ్యాగు. తండ్రి వెనకాల నెమ్మదిగా వస్తున్నారు. ఏళ్ల తరబడి గోతిలో కాళ్లు వేలాడేసి కూర్చున్న మోకాళ్లు, ఇంక వంగనంటున్నాయి. మగ్గం మానేశారట. బండి కూడా మానేశారట.

నా కంటే ముందు మాధవే స్కూటరు సీటు మీద చెయ్యి వేసి ఎత్తు చూసుకుంటోంది. ఇంతమందిని అడిగిన అలవాటు కదా, నా నోటి నుంచి ఆ మాట దానంతట అదే వచ్చేసింది.

"వెనక ఎవరు కూర్చుంటారమ్మా?"

మాధవి తండ్రి వైపు తిరిగింది. "ఇంకెవరన్నయ్యా? వారం వారం ఆసుపత్రికి నేనే తీసుకెళ్లాలి. ఎక్కి చూడు నాన్నా, నీకు ఎత్తు సరిపోవాలి ముందు."

సాంబయ్య గారు కమ్మీ పట్టుకుని, ఎవరి సాయం లేకుండా మెల్లగా ఎక్కి కూర్చున్నారు. కూతురు భుజం మీద చెయ్యి వేసి నా వైపు చూశారు.

"కుడికాలు కదపనులే," అన్నారు.