అమ్మ కూలి మీద నా ఉపన్యాసం

నేను మార్కాపురంలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నప్పుడు మా అమ్మ అదే ఊళ్ళో ఒక ఫాస్ట్‌ఫుడ్ సెంటర్లో పనిచేసేది. మాది పెద్దారవీడు వైపు పల్లె. పొద్దున నేను ఆటో ఎక్కి కాలేజీకి వెళ్తే, మధ్యాహ్నం అమ్మ ఎక్కేది. ఉన్న మూడెకరాల్లో కంది, మిరప వేసేవాళ్ళం. రెండు బోర్లలో ఒకటి ఎండిపోయాక మిరప అర ఎకరానికి తగ్గింది. అమ్మ కొన్నాళ్ళు పలకల ఫ్యాక్టరీకి వెళ్ళింది కానీ ఆ దుమ్ముకు దగ్గు పట్టుకుంటే మానేసి ఇక్కడ చేరింది.

అక్కడ పని తరగడం. క్యాబేజీ, క్యారెట్, క్యాప్సికం, ఉల్లికాడలు రోజూ ఒక చిన్న గుట్టంత తరగాలి. పొయ్యి దగ్గర గిద్దలూరు నుంచి వచ్చిన మాస్టర్ ఉండేవాడు. ప్లేట్లు కడగడానికి ఒక అవ్వ. యజమాని ముస్లిం. వాళ్ళ నాయన కాలంలో అది సైకిళ్ళు బాగుచేసే దుకాణం, ఈయన దాన్ని నూడుల్స్ దుకాణం చేశాడు. అమ్మ ఆయన్ని భాయ్ అనేది, ఆయన అమ్మను అక్కా అనేవాడు. ఆ లెక్కన నాకు మామ.

అమ్మ చేరిన కొత్తలో ఒకసారి ఇంటికి ఎగ్ నూడుల్స్ పార్సిల్ తెచ్చింది. నాయన విప్పి చూసి, ఒక పోగు పైకెత్తి, అది ఎంతకీ తెగకపోతే కాసేపు దాని వైపే చూసి, సేమియా ఉప్మాకు ఏమైనా జబ్బు చేసిందా అని అడిగాడు. అయినా మొత్తం తిన్నాడు. అమ్మ మాత్రం ఒక్క పోగు ముట్టలేదు. రోజంతా ఆ వాసనలోనే ఉంటాను, ఇంట్లో అయినా నన్ను వదిలిపెట్టండి అంది.

ఆ ఏడు కాలేజీలో డిబేట్ పోటీ పెట్టారు. మా ఎకనామిక్స్ మేడం పేపర్లో ఏదో చదివి అంశం ఎంచుకుంది: ఫాస్ట్‌ఫుడ్ సెంటర్లలో పనిచేసేవాళ్ళ కనీస వేతనం పెంచాలా, వద్దా. ఆ మాట వినగానే నా గుండె పొంగింది. ఈ కాలేజీలో ఈ విషయం నాకు తెలిసినంతగా ఎవరికి తెలుస్తుంది అనుకుంటూ వెళ్ళి చీటీ తీశాను. అందులో 'ప్రతికూలం' అని ఉంది. అంటే పెంచకూడదని నేను వాదించాలి.

మేడం దగ్గరికి వెళ్ళి చీటీ మార్చమని బతిమాలాను. మా అమ్మ అక్కడే పనిచేస్తుందని కూడా చెప్పాను. మేడం మనసు కరగలేదు సరికదా, అయితే ఇంకా మంచిది, నమ్మిన మాట అందరూ చెప్తారు, నమ్మని మాట చెప్పి ఒప్పించడమే డిబేట్ అని పంపేసింది.

మర్నాడు పొద్దున వాకిట్లో కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీస్తున్నాం. నేను నెమ్మదిగా సంగతి బయటపెట్టాను. అమ్మ కోప్పడుతుందేమో అనుకున్నాను. తను తొడిమలు తీయడం ఆపి నవ్వింది.

"దానికెందుకు పాపా పుస్తకాలు? ఆ మాటలన్నీ నాకు నోటికి వచ్చు. నాలుగేళ్ళ నుంచి వింటా ఉండా."

ఇక మొదలుపెట్టింది. ముందు లేచి మామ నిలబడే తీరులో నిలబడింది. ఆయన టోపీ సర్దుకున్నట్టు కొంగు సర్దుకుంది. నుదుటి మీద అరచెయ్యి పెట్టుకుని ఆకాశం వైపు చూసింది. కూలి పెంచితే ప్లేటు రేటు పెంచాలి, రేటు పెంచితే పిల్లలంతా ఎదురుగా ఉన్న బండికి పోతారు. గ్యాస్ చూడు, నూనె చూడు. అందరికీ పెంచాలంటే ముగ్గురిలో ఒకరిని తీసెయ్యాల. మీకు సాయంత్రం తిండి పెడతా ఉండా కదా, అది కూలి కాదా? పైగా ఇక్కడ పని నేర్చుకుంటా ఉండారు, రేపు మీరే సొంతంగా పెట్టుకోవచ్చు. ఒక్కో మాటకూ ఒక్కో చేతి ఊపు. నేను నోట్‌బుక్‌లో రాసుకుంటూ పోయాను. ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ నిట్టూర్చాలో కూడా అమ్మే చెప్పింది.

నాయన వేపపుల్లతో పళ్ళు తోముకుంటూ చాలాసేపు చూశాడు. చివరికి ఉమ్మేసి అడిగాడు.

"మీరిద్దరూ కూడి నీ కూలి తగ్గిస్తా ఉండారా ఏంది?"

పోటీ రోజు పెంచాలని వాదించిన కుర్రాడు శ్రమ దోపిడీ, పెట్టుబడి, సామాజిక న్యాయం అంటూ గంభీరంగా మొదలుపెట్టాడు. మధ్యలో ఒక పెద్ద మాట మరిచిపోయి, దాన్ని వెతుక్కుంటూ ఉండగానే గంట కొట్టారు. తర్వాత నేను లేచాను. నుదుటి మీద చెయ్యి పెట్టుకుని గ్యాస్ సిలిండర్ దగ్గర మొదలుపెట్టాను. హాలంతా నవ్వింది. నిట్టూర్చమన్న చోట నిట్టూర్చాను. మొదటి బహుమతి నాకే వచ్చింది, ఒక స్టీలు ఫ్లాస్కు. నా వాదనలో పుస్తకం వాసన లేదు, వంటింటి వాసన ఉంది అని మేడం మైకులో మెచ్చుకుంది.

నా వెనక బెంచీ అమ్మాయి దాన్నంతా ఫోన్లో తీసి స్టేటస్ పెట్టింది. మార్కాపురం ఏమంత పెద్దది? సాయంత్రానికి ఆ వీడియో మామ ఫోన్లో ఉంది.

ఆయన సంతోషానికి అంతు లేదు. ఫోన్‌ను సాస్ సీసాకు ఆనించి, వచ్చిన ప్రతి ఒక్కరికీ చూపించాడట. మా అక్క కూతురు, ఫస్ట్ ప్రైజ్ వచ్చింది, ఏం చెప్పిందో వినండి అని. తనను అనుకరిస్తూనే ఆ పిల్ల నుదుటి మీద చెయ్యి పెట్టుకుందని ఆయనకు తట్టనే లేదు. మాస్టర్‌కు, అవ్వకు మాత్రం మొదటి క్షణంలోనే తట్టింది. మాస్టర్ నవ్వు ఆపుకోలేక నూడుల్స్ సగం పొయ్యి పక్కన పోశాడు.

అయితే ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. నాకు తెలియని సంగతి ఒకటి ఉంది. ఆ ముగ్గురూ వచ్చే వారం కూలి పెంచమని అడగాలని అప్పటికే అనుకున్నారు. రోజుకు ఇంకో యాభై. అడగబోయే ముందే, వద్దని చెప్పే మాటలన్నీ వాళ్ళ మనిషి కూతురే మైకులో చెప్పేసింది, పైగా బహుమతి తెచ్చుకుంది. శనివారం కాలేజీ అయ్యాక నేను అటు వెళ్తే మామ ఎగ్ ఫ్రైడ్ రైస్ ఉచితంగా పెట్టించాడు. నేను తింటున్నప్పుడు అవ్వ నా పక్కకు వచ్చి తడి చేతులు చీరకు తుడుచుకుంది.

"చదువుకుండే పిల్లవు. మా నోట్లో మట్టి కొట్టినావు కదమ్మా" అంది. కోపంగా కూడా అనలేదు. చెప్పి తన ప్లేట్ల దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆ ఫ్రైడ్ రైస్ సగంలోనే వదిలేసి లేచాను. ఆటోలో ఇంటికి వస్తూ ఏడ్చాను. మర్నాడు పొద్దున అమ్మను పట్టుకుని, ఎందుకు ముందే చెప్పలేదని అడిగాను. చెప్తే నువ్వు సరిగా వాదించేదానివి కాదు, ప్రైజ్ పోయేది అంది అమ్మ. తనకు ఫ్లాస్కు చాలా నచ్చింది. నేను మళ్ళీ వెళ్ళి మామకు రెండో వైపు కూడా చెప్తానన్నాను. చెప్పు, నేను కూడా అక్కడే ఉంటా కదా అంది.

ఆ మధ్యాహ్నం అమ్మతో కలిసి ఆటో ఎక్కాను. దారంతా ఫోన్లో వెతికి, ఇలాంటి పనులకు ఇంతకంటే తక్కువ ఇవ్వకూడదని ప్రభుత్వం ప్రకటించిన రేటు ఎంతో తెలుసుకున్నాను. అమ్మకు వచ్చేది దానికి తక్కువే. ఆదివారం దుకాణం సాయంత్రం తెరుస్తారు, మూడు గంటలకు ఇంకా లోపల పనులే. నేను వెళ్ళి, మామా, డిబేట్‌కు రెండో వైపు కూడా ఉంటుంది, అది వింటావా అని అడిగాను. ఆయనకు సరదా వేసింది. ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని జడ్జి లాగా కాలు మీద కాలు వేసుకున్నాడు.

నేను మొదలుపెట్టాను. రాజ్యాంగం అన్నాను, గౌరవంగా బతికే హక్కు అన్నాను. పోటీలో ఓడిపోయిన కుర్రాడి మాటలే నా నోట్లోంచి రావడం నాకే వినిపిస్తోంది. మామ ప్రతి మాటకూ భక్తిగా తల ఊపాడు. ప్రభుత్వం రేటు సంగతి చెప్పినప్పుడు మాత్రం ముందుకు వంగాడు.

"మార్కాపురానికి కూడానా?" అని అడిగాడు.

మార్కాపురానికి కూడా అన్నాను. అట్లాంటి కాగితం ఒకటి ఎవరో తెచ్చి ఇచ్చినట్టు గుర్తుందనీ, ఎక్కడ పెట్టాడో చూస్తాననీ అన్నాడు. అక్కడితో నా వాదన అయిపోయింది.

అప్పుడు అమ్మ కత్తి పక్కన పెట్టింది. చేతులు తుడుచుకుని వచ్చి నా పక్కన నిలబడింది. ఈసారి ఎవరినీ అనుకరించలేదు. తన గొంతుతోనే మాట్లాడింది.

"భాయ్, పాప కాలేజీలో చెప్పిన మాటలు నేను చెప్పిచ్చినవే. అవన్నీ నీ మాటలే. నువ్వు అవి చెప్పినప్పుడల్లా నేను మనసులో జవాబు చెప్పుకుంటా ఉండా. ఈ పొద్దు నోటితో చెప్తా, విను."

మామ కాలు మీద నుంచి కాలు దించాడు.

రేటు పెంచితే పిల్లలు బండికి పోతారన్నావు, నూనె ధర పెరిగినప్పుడు నువ్వు ప్లేటుకు పది రూపాయలు పెంచలేదా అని అడిగింది అమ్మ. రెండు రోజులు గొణిగారు, మూడో రోజు వచ్చి ఉల్లిపాయ ఎక్కువ వెయ్యమన్నారు. నూనెకైతే అడగకుండానే పెంచుతావు, మనుషులకు పెంచాలంటే పిల్లలు పోతారా? ఇక తిండి సంగతి. సాయంత్రం నువ్వు పెట్టేది అమ్ముడుపోని అన్నం, దాన్ని ఎవరూ ఇష్టపడి తినరు, నేనైతే నాలుగేళ్ళలో ఒక్క రోజు తినలేదు, ఇంటికి పోయి సంగటి తింటాను. పని నేర్చుకుంటున్నామంటావు. నాలుగేళ్ళుగా క్యాబేజీ తరుగుతున్నాను, క్యాబేజీలో ఇంకా నేర్చుకోవలసింది ఏముందో చెప్పు, అదీ నేర్చుకుంటాను అంది.

మాస్టర్ పొయ్యి తుడవడం ఆపేసి నిలబడ్డాడు. అమ్మ చివరి దానికి వచ్చింది.

"ఒకరిని తీసేస్తా అంటావు. అవ్వ మనవరాలి పెళ్ళికి మూడు దినాలు పోయింది. మొదటి దినం నువ్వే ప్లేట్లు కడిగినావు. రెండో దినం ఏమైంది భాయ్?"

మామ టోపీ సర్దుకున్నాడు. మాస్టరే చెప్పాడు.

"రెండో దినం దుకాణం మూసినాడు. నడుము పట్టుకునింది."

ముందు అవ్వ నవ్వింది. తర్వాత మాస్టర్. మామ కాసేపు బింకంగా కూర్చున్నాడు కానీ నడుము నొప్పి గుర్తొచ్చిందో ఏమో, ఆయనా నవ్వేశాడు. టోపీ తీసి తల గోక్కున్నాడు. ఆ తర్వాత, ఆలోచించుకోవాలి అన్నప్పుడు అలవాటు ప్రకారం నుదుటి మీద అరచెయ్యి పెట్టుకున్నాడు. పెట్టుకున్నవాడు అలాగే ఆగిపోయి నా వైపు చూశాడు. వీడియోలో నేను ఎవరిలా నిలబడ్డానో ఆయనకు అప్పుడు తెలిసింది. నేను నేల వైపు చూశాను.

అడిగింది యాభై అయితే, ఇరవై అయిదు రేపటి నుంచి ఇస్తాననీ, మిగతాది ఒక నెల గిరాకీ చూసి ఇస్తాననీ అన్నాడు. అమ్మ ఒప్పుకుని, ఇంకొకటి ఉంది అంది. మంగళవారం గిరాకీ ఎట్లాగూ తక్కువే, వంతులవారీగా ఒక్కొక్కరికి ఆ రోజు సెలవు ఇయ్యమంది.

"పాప ఒక ప్రైజ్‌తో పోయింది. నీకు రెండు కావాల్నా అక్కా?" అన్నాడు మామ.

అయినా ఇచ్చాడు. బోర్డు మీద రేట్లు మళ్ళీ రాయించాడు, ప్లేటుకు పది రూపాయలు ఎక్కువ. మా కాలేజీ పిల్లలు వారం రోజులు గొణిగారు. కొందరు నిజంగానే ఎదురుబండికి వెళ్ళారు. ఆ బండివాడు కూడా ఇదే అదనుగా పది పెంచేసరికి తిరిగి వచ్చారు. మామ మిగతా ఇరవై అయిదు నెలకు కాదు, రెండున్నర నెలలకు ఇచ్చాడు. అదీ అమ్మ మూడుసార్లు గుర్తు చేశాక. అప్పటికీ ప్రభుత్వం రేటుకు కొంచెం తక్కువే. ఆ కాగితం ఆయనకు ఇంకా దొరకలేదు.

అవ్వ నాతో మామూలుగా మాట్లాడటానికి కొంచెం సమయం పట్టింది. తన వంతు సెలవు వచ్చిన మొదటి మంగళవారం ఏం చెయ్యాలో తోచక దుకాణానికే వచ్చి, కస్టమర్ లాగా కుర్చీలో కూర్చుని ప్లేటు నూడుల్స్ తెప్పించుకుందట. రెండు ముద్దలు తిని, ఇది తినడానికా ఇంతమంది వచ్చేది అందట. ఆ రోజు నేను అటు వెళ్తే నా చెయ్యి పట్టుకుని మీ అమ్మ గట్టిది అని చెప్పింది. నా గురించి ఏమీ అనలేదు, నాకు అంతే చాలు.

అంతటితో అయిపోయిందనుకున్నాం. మరుసటి ఏడాది, దుకాణం అద్దెకున్న గది సొంతదారు పొదిలి నుంచి వచ్చాడు. ఎరువుల వ్యాపారి. అద్దె ఒకేసారి సగానికి సగం పెంచాలన్నాడు. మామ ఒక్కడే ఆయనతో చాలాసేపు మాట్లాడి చూశాడు, కుదరలేదు. చివరికి లోపలికి వచ్చి అమ్మ ముందు నిలబడ్డాడట.

"అక్కా, నువ్వొకసారి వచ్చి మాట్లాడు. నాతో మాట్లాడినట్ల."

అమ్మ వెళ్ళింది. ముందు ఆ సొంతదారును కూర్చోబెట్టి, కారుతున్న పైకప్పు చూపించింది. వాన వస్తే పొయ్యి ఎక్కడికి జరుపుతారో, కస్టమర్లు ఏ మూలకు ముడుచుకుంటారో నడిచి చూపించింది. అన్ని ధరలూ పెరిగినాయి కదమ్మా అని ఆయన అంటే, అవును, మాకూ పెరిగినాయి, అందుకే భాయ్ మా కూలి పెంచినాడు, ఇప్పుడు నువ్వు కూడా కప్పు వేయించి అడుగు, న్యాయంగా ఉంటుంది అందట. గంటసేపు మాట్లాడాక అడిగిన పెంపులో సగానికి ఒప్పుకున్నాడు, కప్పు కూడా వేయిస్తానన్నాడు.

మాటలు అయ్యాక ఆయనకు ఆకలేసి ఎగ్ నూడుల్స్ తిన్నాడు. లేస్తూ జేబులో చెయ్యి పెడితే మామ మర్యాదగా వద్దన్నాడట. అమ్మ మాత్రం తీసుకో భాయ్ అని చెప్పి లోపలికి వెళ్ళిపోయిందట.