సీతాపతి సారు చూడని లోయ

జమ్మలమడుగు హైస్కూల్లో చరిత్ర చెప్పే సీతాపతి సారు పుస్తకం తెరవకుండానే నల్లబోర్డు మీద నాగార్జునకొండ లోయ గీసేవాడు. ఈ పక్క కృష్ణా నది, చుట్టూ కొండలు, నడుమ మహాస్తూపం, దానికి నాలుగు దిక్కులా అయిదేసి ఆయక స్తంభాలు. బౌద్ధ భిక్షువులు ఏ మండపంలో కూడేవాళ్లో, ఏ గదుల్లో పడుకునేవాళ్లో నిన్న చూసి వచ్చినట్టు చెప్పేవాడు. ఇంత వివరంగా చెప్పే మనిషి ఆ చోటు చూసే ఉంటాడని పిల్లలు అనుకున్నారు. సారు ఔననలేదు, కాదనలేదు. కాదనడానికి నోరు రాలేదు, అదీ అసలు సంగతి.

ఆయన కాళ్లకు బంధం వేసింది పెన్న ఒడ్డున ఉన్న చిన్న శివాలయం. అందులో పూజ ఆ వంశానిదే. తాతల నాడు మూడిళ్ల వాళ్లు నాలుగేసి నెలలు వంతులు పంచుకున్నారు. ఒక ఇల్లు సంతానం లేక అంతరించింది. రెండో ఇంటి వేదవ్యాస, సీతాపతికి చిన్నాన్న కొడుకు, పులివెందుల తాలూకా ఆఫీసులో గుమాస్తా పని దొరికిందని వెళ్లిపోయాడు. పన్నెండు నెలలూ వచ్చి ఈయన నెత్తిన పడ్డాయి. పొద్దున పూజ చేసి బడికి, బడి వదలగానే మళ్లీ గుడికి. తండ్రి పోయిన తర్వాత పద్నాలుగేళ్లలో ఒక్క రాత్రి కూడా ఊరు దాటి పడుకున్నది లేదు.

వంశంలో పురుడో, చావు మైలో వస్తే ప్రొద్దుటూరు నుంచి వేరే పూజారిని పిలిపించే ఏర్పాటు ఉంది. అలాంటివి రెండుసార్లు వచ్చాయి గానీ, రెండూ సొంతింటి చావులే. కర్మలతోనే ఆ దినాలు గడిచిపోయాయి. పూజారికి ఒక చోటు చూడాలని మనసైతే ఎవరినైనా పిలిపించే ఏర్పాటు మాత్రం ఏ మహానుభావుడూ చెయ్యలేదు. గుడి ధర్మకర్త నాగేశ్వరయ్యను ఆయన బట్టల కొట్టుకు పోయి అడిగి చూశాడు కూడా.

"మైల లేని దినాల్లో బయటోళ్ల చెయ్యి లింగం మీద పడిందే లేదు స్వామీ. నా కాలంలో కొత్త పద్ధతి పెట్టమంటావా?" అన్నాడు నాగేశ్వరయ్య, చేతిలో గజం బద్ద కింద పెట్టకుండానే.

1959 వచ్చింది. కృష్ణకు అడ్డంగా ఆనకట్ట లేస్తోంది. నీళ్లు నిలిచాయంటే తవ్వి తీసిన ఆ లోయంతా అడుగున పడుతుంది. ఇప్పుడు చూడకపోతే ఈ జన్మకు ఇంక లేదు. సారు హెడ్మాస్టరు వెంటపడి ఎస్సెల్సీ పిల్లలకు విజ్ఞాన యాత్ర ఒప్పించాడు. ఫిబ్రవరి అయిదో తేదీ పొద్దున బయల్దేరి, ఎనిమిదో తేదీ రాత్రికి తిరిగి రావాలి. పులివెందులకు జాబు రాస్తే, "నాలుగో తేదీ సాయంత్రానికి వస్తా అన్నా, పూజ నేను చూసుకుంటా" అని వేదవ్యాస జవాబిచ్చాడు. ఆ కార్డును సారు పంచాంగంలో దాచుకుని రోజుకు రెండుసార్లు చదువుకునేవాడు. భార్య జానకమ్మ వారం ముందే సంచి సర్దింది.

నాలుగో తేదీ సాయంత్రం వేదవ్యాస రాలేదు. మర్నాడు పొద్దున ప్రొద్దుటూరు నుంచి మాట్లాడిన బస్సు బడి ముందు నిలబడింది. పిల్లలు ఎక్కారు. సారు సంచి కూడా బస్సు పైకెక్కింది.

"ఇంగ ఎంతసేపు సార్? ఎండ ముదిరేలోగా మైదుకూరు దాటల్ల" అన్నాడు డ్రైవరు వలి బాషా.

"పులివెందుల తొలి బస్సు వస్తాంది బాషా. అది చూసుకుని పోదాం."

ఆ బస్సూ వచ్చింది. గంపలు దిగాయి, గంపల వాళ్లు దిగారు, వేదవ్యాస దిగలేదు.

"ఎక్కండి సార్. దేవుడు ఏమన్నా అనుకుంటాడా?" అన్నాడు తోడు పోతున్న డ్రాయింగు మాస్టరు బాలకృష్ణయ్య.

సారు తన సంచి కిందికి దింపించుకున్నాడు. "పిల్లలు జాగ్రత్త" అన్నాడు. బస్సు వంపు తిరిగేదాకా నిలబడి, తిన్నగా గుడికి పోయాడు. ఏడుపు వచ్చింది, దానికి మించి కోపం వచ్చింది. అభిషేకం నడుమ చెంబు పట్టుకుని ఆగిపోయి, "నీకు నేను తప్ప ఇంకెవరూ దొరకలేదా?" అని లింగాన్నే అడిగాడు. తర్వాత లెంపలు వేసుకుని మిగిలిన నీళ్లు పోశాడు.

పిల్లలు తిరిగి వచ్చారు. సారు వాళ్లను ఆ మాట ఎత్తనివ్వలేదు. వలి బాషా తమ్ముడి కొడుకు నబీ రసూల్ ఆ తరగతిలోనే చదువుతున్నాడు. వాడు "సార్, ఆడ..." అని లేస్తే, "అక్బరు పాలన తియ్యండి" అనేవాడు.

పదహారో తేదీ మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వచ్చేసరికి పులివెందుల కార్డు వచ్చి ఉంది.

"అన్నకు నమస్కారం. ఈ నెల మూడో తేదీ నాకు కొడుకు పుట్టినాడు. తల్లీబిడ్డా క్షేమం. పురుట్లో నేను లింగం ముట్టేది లేదు గనక రాలేకపోతిని. ఎందుకు రాలేదో రాస్తే నీకూ పురుడు తగులుతుంది, పూజ పరాయి చేతికి పోతుంది. పద్నాలుగేళ్లుగా నీవు కాపాడుకొస్తాండేది నా చేత్తో ఎందుకు చెడగొట్టల్ల అని పది దినాలు నోరు కట్టుకుంటి. ఇప్పుడు వింటే నీకు స్నానంతో సరి. యాత్రదేముంది, మళ్లీ పోవచ్చు."

సారు వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. మూడు నుంచి పన్నెండు దాకా పురుడు. యాత్ర అయిదు నుంచి ఎనిమిది. ఆ కార్డు నాలుగో తేదీన వచ్చి ఉంటే, పూజ చేస్తానన్నా నాగేశ్వరయ్యే గడప తొక్కనిచ్చేవాడు కాదు. ప్రొద్దుటూరు పూజారి వచ్చేవాడు, సారు బస్సులో కూర్చునేవాడు. పద్నాలుగేళ్లకు ఒక్కసారి తలుపు తెరుచుకుంటే, ఆ సంగతి తెలియకుండా తమ్ముడు ప్రేమకొద్దీ దాచిపెట్టాడు.

"రాయండి" అంది జానకమ్మ, కళ్లు తుడుచుకుంటూ. "నీ మంచితనం మండిపోను, మీ అన్న కోరిక కాస్తా మట్టిపాలు చేసినావని రాయండి."

సారు బావి దగ్గర స్నానం చేసి వచ్చి కార్డు తీసుకున్నాడు. "చిరంజీవికి ఆశీస్సులు. మంచి పని చేసినావు" అని రాశాడు. ఇంకేం రాయగలడు? వేదవ్యాస చోట తనున్నా అదే చేసి ఉండేవాడు. ఆ సంగతి తెలిసే అన్నం సహించలేదు.

ఆ పూట చివరి పీరియడు చరిత్ర. నబీ రసూల్ ఉండబట్టలేక లేచాడు. "సార్, నీళ్లొచ్చేలోగా మీరు ఇంకోసారి పోయి చూసి రాండి. శానా తవ్వినారు ఇప్పుడు."

సారు చేతిలోని సుద్దముక్క బల్ల మీద పెట్టాడు. "ఇంకోసారి ఏంది నాయనా? నేను ఒక్కసారి గూడా చూడలేదు."

"అంతా మీరు చెప్పినట్టే ఉండాది కదా సార్!" అన్నాడు రసూల్.

"పుస్తకాల్లో చదివి చెప్పినా. చూసినోళ్లు మీరు. ఈ పొద్దు నువ్వు చెప్పు, నేను వింటా. మొదట్నుంచి చెప్పు, ఏదీ వదలద్దు."

ఆయన వచ్చి రసూల్ బెంచీలో కూర్చున్నాడు. రసూల్ బల్ల దగ్గరికి పోయి, వదలద్దన్నారు గనక దేన్నీ వదలకుండా మొదలుపెట్టాడు. మైదుకూరులో టీ తాగింది, దువ్వూరులో టైరు పంచరైంది, ఘాట్‌లో ఎవరెవరు వాంతి చేసుకున్నది, పెద్దనాయన ఎవరిని తిట్టింది. సారు తొందర పెట్టలేదు. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, ప్రతి మలుపూ తానే తిరుగుతున్నట్టు విన్నాడు.

బడి గంట కొట్టారు. గుడి తలుపు తీసే వేళయింది. సారు లేచి ఉత్తరీయం భుజాన వేసుకున్నాడు.

"రేపు చెబుదువులే" అని గబగబా నడిచాడు. రసూల్ చెబుతున్న బస్సు అప్పటికింకా మాచర్ల కూడా చేరలేదు.