స్వరూపకు ఇచ్చిన గోలీ

ఏళ్లుగా మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే ఈ మాత్రం ధైర్యం. వరంగల్‌లో జంపఖానాలు నేసే వీధిలో నాది మందుల దుకాణం. ఒక మనిషి కన్ను పోవడానికి నేనే కారణం.

స్వరూప మా వెనక సందులో మగ్గం నేసేది. నడుం నొప్పికి గోలీలు నా దగ్గరే కొనేది. ఒకసారి గోలీ వేసుకుంటే పెదవి మీద నల్లమచ్చ లేచిందని, ఇక అది ఇవ్వొద్దని చెప్పింది. సరేనన్నాను. తర్వాత ఒకరోజు, గిరాకీ తొందరలో, అదే మందు వేరే కంపెనీది, అట్టలోంచి నాలుగు గోలీలు కత్తిరించి ఇచ్చేశాను. అట్ట రంగు మారింది కాబట్టి వేరే మందేనని ఆమె నమ్మింది. మందు పేరున్న అట్ట ముక్క నా డబ్బాలోనే మిగిలింది.

కొన్నాళ్లకు ఆమె అత్త వచ్చింది.

"బిడ్డా, కోడలికి ఒళ్లంత పొక్కులు లేసినయి. నోట్ల గూడ పుండ్లే. అమ్మతల్లి పోసింది గావచ్చు. గోలీలు బంద్ చెయ్యాల్నా?"

అది గోలీ పనేనని నాకు అప్పుడే అర్థమైంది. డబ్బాలో మిగిలిన అట్ట ముక్క తిప్పి పేరు చూశాను కూడా.

"బంద్ చెయ్యుండ్రి పెద్దమ్మా. అమ్మతల్లే గావచ్చు."

ఎందుకన్నాను? గోలీ ఆపితే తగ్గిపోతుంది, ఎవరికీ తెలియదు అనుకున్నానా, లేక దుకాణం పరువు, ఆమె భర్త కోపం, వీధిలో నలుగురి నోళ్లు, అన్నీ ఆ ఒక్క క్షణంలోనే బేరీజు వేసుకున్నానా, ఇప్పటికీ నాకే తేలదు. అమ్మతల్లి పోసిందంటే ఆ ఇంట్లో ఆసుపత్రి మాటెత్తరు. వేపమండల మీద పడుకోబెట్టి, తల్లి శాంతించేదాకా ఆగుతారు. అది తెలిసే అన్నాను.

చర్మం ఊడి, కళ్లు అతుక్కుపోయాక ఆసుపత్రికి తీసుకుపోయారు. ఏం మందు వాడారని డాక్టర్లు అడిగితే ఆమె భర్త నాకు ఫోన్ చేశాడు. మామూలు జ్వరం గోలీయే అన్నాను.

బతికింది. ఒక కన్ను పోయింది. రెండోది వెలుగును ఓర్చుకోలేదు. మగ్గం అమ్మేశారు. కంట్లో వేసే చుక్కలకు ఇప్పటికీ నా దగ్గరికే వస్తుంది. "తల్లి కన్ను తీస్కొని పాణం ఇడిసిపెట్టింది అన్నా" అంటుంది, నవ్వుతూనే. నేను తలూపుతాను. లోపల ఏమీ కదలదు. నాకు భయం వేసేది దానికే.

మొన్న పరకాలలో కూతురింటికి పోతున్నానని చెప్పింది. అక్కడ నడుం నొప్పి వస్తే? తనకు పడని మందేదో ఆమెకు తెలియదు. పేరు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. చుక్కల సీసా కవర్లో పెట్టి ఇచ్చాను. కవరు మీద ఆ మందు పేరు మాత్రం రాయలేదు.

అమ్మతల్లి కాదు. నేనే. తెలిసీ దాచాను. మీకు చెప్పాను, కాస్త ఊపిరి ఆడుతోంది. ఆమెకింకా చెప్పలేదు.