పసుపు చేనులో సాంచా నూనె

కోరుట్ల అవతల పసుపు తవ్విన చేనులో రిమోటు బండ్ల పందెం గెలిచామంటే అది నా చేతి చలవే. హైదరాబాదు నుంచి కూడా కుర్రాళ్లు బండ్లు పట్టుకొచ్చారు. వాళ్ల బండ్లు గడ్డల మీద బొక్కబోర్లా పడుతుంటే, మా బండి ఒక మట్టి బోదె మీద ఎగిరి అవతలి బోదె మీద పిల్లిలా దిగింది. పందెం అయ్యాక జనమంతా నా చుట్టూ చేరి “గండ్ల ఏం పోసినవ్?” అని, అంటే అందులో ఏం పోశావని అడిగారు. నేను మీసం దువ్వుకుని “అది చెప్పేది కాదు” అన్నాను.

సిరిసిల్లలో నేను టీ తాగే హోటల్లో ఈ కథ ఇలాగే చెబుతాను. అక్కడ వినేవాళ్లకు పని లేదు, చెప్పే నాకూ లేదు. కథ కొంచెం పెరిగితే ఎవరికీ నష్టం రాదు. కాగితం మీద పెట్టేటప్పుడు మాత్రం కాస్త తగ్గించుకోవాలనిపిస్తోంది. హైదరాబాదు నుంచి ఎవరూ రాలేదు. మేం గెలవనూ లేదు. “గండ్ల ఏం పోసినవ్” అని ఒక మనిషి అడిగిన మాట మాత్రం నిజం. అయితే ఆయన అడిగింది మెచ్చుకుని కాదు.

నేను సాంచాల జాబర్‌ను. మా దగ్గర మరమగ్గాన్ని సాంచా అంటాం, దాన్ని బాగుచేసేవాడిని జాబర్ అంటాం. పేక నూలు మోసే నాడె ఇటు నుంచి అటు దూసుకుపోయి పెట్టెలో ఆగేటప్పుడు వచ్చే చప్పుడు విని, ఏ స్ప్రింగు వదులైందో వీధిలో నిలబడే చెప్పేవాణ్ని. సరే, వీధిలో కాదు, గడపలో. సాంచాలు ఆగిపోయిన ఏళ్లలో మా వాడలో ముందు చప్పుడు పోయింది, తర్వాత మనుషులు పోయారు. కొందరు భీవండికి, కొందరు దుబాయికి. సాంచాలను పాత ఇనుము కింద తూకానికి అమ్మేవాళ్లు వాటిని విప్పడానికి కూడా నన్నే పిలిచారు. బిగించిన చేత్తోనే విప్పాను. ఆఖరున ఒకాయన సగం డబ్బా సాంచా నూనె నా చేతిలో పెట్టి “నువ్వే ఉంచుకో కాకా” అన్నాడు. ఆ డబ్బా మా మంచం కిందే ఉండేది. దేనికి దాస్తున్నానో నాకే తెలియదు.

అల్లుడిది బుగ్గారం. దుబాయిలో రిమోటు బండ్లు అమ్మే దుకాణంలో పనిచేసేవాడు. సెలవు రోజున అక్కడ గడ్డాలు నెరిసినవాళ్లు కూడా ఇసుక దిబ్బల మీద ఈ బండ్లు తోలుతారట. ఇసుక నిండిన బండ్లను విప్పి, కడిగి, సరిచేసి ఇవ్వడం ఇతని పని. ఆ దుకాణం మూతపడటంతో ఇంటికొచ్చాడు. బుగ్గారంలో ఎదురైన ప్రతివాళ్లూ “మళ్లా ఎప్పుడు పోతున్నవ్?” అని అడుగుతుంటే తట్టుకోలేక, నా బిడ్డ అతన్ని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చింది. మా వాడలో అలా అడగడానికి మనుషులెవరూ మిగల్లేదు.

దుబాయికి పంపే ఏజెంటు మాత్రం వదల్లేదు. ఈసారి వీసా బిల్డింగుల పనికి. సోమవారం పాస్‌పోర్టు ఇచ్చేయాలన్నాడు.

ఆ సమయంలోనే జగిత్యాలలో ఒక సేటు తగిలాడు. ఆయనా గల్ఫు నుంచి తిరిగొచ్చినవాడే. టవరు దగ్గర దుకాణం. పెళ్లిళ్లలో వీడియో తీసే డ్రోన్లు, చేలకు మందు కొట్టే డ్రోన్లు బాగుచేస్తాడు. పని ఎక్కువై మనిషి కోసం చూస్తున్నాడు. రిమోటు బండ్లంటే ఆయనకు పిచ్చి. తన బండినీ, అట్టపెట్టె నిండా కొత్త సామాన్లనూ అల్లుడి చేతిలో పెట్టాడు.

“తమ్మీ, పోయినసారి కోరుట్లల గీ బండి పల్టీలు కొట్టుడే గని నడువలే. గీ డబ్బల ఏమేమో తెప్పించిన. ఏది పెడ్తవో, ఏది ఇడిసిపెడ్తవో నీ ఇష్టం. ఐతారం పందెం ఉంది. చేసి సూపెట్టు. పని సంగతి అప్పుడు మాట్లాడుదాం.”

అంటే ఆదివారం ఆ బండి నిలబడితే అల్లుడు జగిత్యాలలో ఉంటాడు. పల్టీ కొడితే బిల్డింగుల పనికి పోతాడు. నా బిడ్డ నా పక్కన కూర్చుని మెల్లగా ఒకే మాట చెప్పింది.

“బాపూ, నువ్వు జర సప్పుడు చెయ్యకు. ఆయన్ని చేసుకోనియ్యి.”

సరేనన్నాను. అప్పుడు నిజంగానే అన్నాను.

బండి మూరెడు పొడవుంటుంది. పెద్ద బండికి ఉన్నట్టే చక్రం చక్రానికీ ఒక చెయ్యి, ఒక షాకబ్జరు. షాకబ్జరంటే వేలెడు గొట్టం. లోపల నూనె, ఆ నూనెలో పైకీ కిందికీ ఈదే చిల్లుల బిళ్ల, గొట్టం చుట్టూ స్ప్రింగు. స్ప్రింగు బండిని పైకి నెడుతుంది, నూనె ఆ దూకుడును ఆపుతుంది. నూనె మరీ పలచనైతే బండి కుప్పిగంతులు వేస్తుంది. మరీ చిక్కనైతే చెక్కలా కొట్టుకుంటుంది.

అట్టపెట్టె తెరిస్తే నగల దుకాణంలా ఉంది. నీలం రంగు మెటల్ చేతులు, మెటల్ షాకబ్జర్లు, పెద్ద మోటారు, ఎర్ర స్ప్రింగులు. నేను నీలం చేతులు పైకి తీశాను.

“ముందుగాల గివి పెట్టు అల్లుడా. ఎట్ల మెరుస్తున్నయో సూడు.”

“అద్దు మామా. ప్లాస్టిక్ చెయ్యి దెబ్బ తాకితే వంగుతది, మళ్ల సక్కగైతది. మెటల్ వంగది. గా దెబ్బ సీదా లోపలికి పోయి గేరు డబ్బ పలుగుతది.”

“మరి పెద్ద మోటరన్న పెట్టు.”

“ఉరకలేక పల్టీ కొడ్తలేదు మామా గిది. ఉరికే కొడ్తున్నది.”

గోడ పక్కన చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్న మా ఇంట్లామె తల ఎత్తకుండానే అందుకుంది. “మీ మామకు మెరిసేది కనవడితే సాలు. పెండ్లిసూపులకు అచ్చి నన్ను సూడలే, మా వదిన కమ్మలు సూసిండు.”

అల్లుడు నవ్వి పనిలో పడ్డాడు. పెట్టెలోంచి షాకబ్జర్లు, వెనకకు మెత్తటి స్ప్రింగులు మాత్రమే తీసుకున్నాడు. మిగతావన్నీ అలాగే మూసేశాడు. విప్పిన పాత షాకబ్జర్లు కిటికీలో పెట్టాడు. బండిని మోకాలెత్తుకు లేపి నేల మీదికి వదిలి చూశాడు. మంచిగా కుదిరిన బండి దిగి, కిందికి కూర్చుని, ఒక్కసారి లేచి ఆగాలి. ముందు భాగం అలాగే ఆగింది. వెనక భాగం మాత్రం ఇంకో రెండు గంతులు వేసింది. నేను కళ్లు మూసుకుని ఆ చప్పుడు విన్నాను.

“ఎనుకది ఖాళీగ కొడ్తుంది.”

“ఔ మామా. నీ చెవి మస్తు పనిచేస్తది.”

ఆ ఒక్క మాటే నన్ను చెడగొట్టింది.

వెనకకు కొంచెం చిక్కని నూనె కావాలి. ఈ బండ్లకు సిలికాన్ నూనె వాడతారు, పెట్టెలో పలచని నూనె సీసా ఒక్కటే ఉంది. చిక్కనిది పొద్దున జగిత్యాల పోయి తెస్తానన్నాడు అల్లుడు. శనివారం పొద్దున అతను స్నానానికి పోగానే నేను మంచం కింది డబ్బా బయటికి లాగాను. మూత తీయగానే వచ్చిన వాసనకు నా వయసు సగమైంది. వెనక షాకబ్జర్లు రెండూ విప్పి, ఉన్న నూనె వంపేసి, సాంచా నూనె పోసి బిగించాను. వదిలి చూస్తే బండి దిగి, కూర్చుని, ఒక్కసారి లేచి ఆగింది.

అల్లుడు తల తుడుచుకుంటూ వచ్చి తనూ వదిలి చూశాడు. “గిదేంది, రాత్రి కంటె మంచిగున్నది!”

“రాత్రంత సల్లగున్నది గదా, కుదురుకున్నది” అన్నాను.

వాకిట్లో ఉన్న నా బిడ్డ చాలా రోజుల తర్వాత నవ్వింది. ఇక నిజం చెప్పాలనిపించలేదు. అల్లుడు జగిత్యాల పోవడం మానుకున్నాడు.

ఆదివారం అందరం బస్సులో వేములవాడ మీదుగా కోరుట్ల పోయాం. మా ఇంట్లామె సద్ది కట్టుకుని వచ్చింది. చేనులో పసుపు తవ్వేశారు గానీ బోదెలు సగం అలాగే ఉన్నాయి, నడుమ కాలికి తగిలే మట్టి గడ్డలు. ఎండ నడినెత్తి మీద ఉంది. పందానికి ముందు సేటు ఒక చుట్టు తోలి చూద్దామన్నాడు. మొదటి బోదె దాటగానే బండి వెనక భాగం కిందికి దిగింది, మళ్లీ లేవలేదు. చేత్తో నొక్కితే నొక్కినచోటే ఉండిపోతోంది.

అల్లుడు షాకబ్జరు విప్పి, వేలు ముంచి, వాసన చూశాడు. తర్వాత నావైపు చూశాడు. సేటు వంగి చూసి గట్టిగా అడిగాడు.

“గండ్ల ఏం పోసినవ్?”

చేనులో ఉన్న వాళ్లందరి చూపులూ మా మీదే ఉన్నాయి. నా బిడ్డ కొంగు పట్టుకుని నిలబడింది. నేను గొంతు సవరించుకుని ముందుకొచ్చాను. “సేటూ, పోసింది నేను. సాంచా నూనె. అల్లుని తప్పేం లేదు” అన్నాను.

“ఖనిజం నూనెకు గీ రబ్బరు రింగులు ఉబ్బుతయన్నా” అన్నాడు అల్లుడు, ఎవరినీ తప్పుబట్టకుండా. “ఉబ్బి కడ్డీని పట్టుకున్నయి. మీదికెళ్లి ఎండకు నూనె పల్చగైంది. వేరే షాకబ్జర్లు ఉంటె ఐపోతుండె. పాతయి ఇంట్ల కిటికీల ఉండిపోయినయి.”

“ఇంట్ల లెవ్వు” అంది మా ఇంట్లామె. సద్ది మూట కిందినుంచి తంబాకు డబ్బా తీసి మూత తెరిచింది. పాత షాకబ్జర్లు అందులో ఉన్నాయి. “కిటికీల ఉంటె గీ మనిషి ఏం జేస్తడోనని మూటల కట్టుకున్న.”

ట్రాక్టరు ట్రాలీ నీడలో తువ్వాలు పరుచుకుని కూర్చున్నాడు అల్లుడు. సన్న మరమొలలు పెదవుల మధ్య పట్టుకుని, పాత షాకబ్జర్లలోని బిళ్లలు తీసి, నూనె పలచనైనా దూకుడు ఆగేలా సేటు పెట్టెలోని చిన్న చిల్లులవి వేసి, ఆ పలచని సిలికాన్ నూనే పోసి, బుడగలన్నీ పైకి వచ్చేదాకా ఓపిగ్గా ఆగి మూత బిగించాడు. పందెం మొదలవుతోందని కేక వినబడినా అతని వేళ్లు తొందరపడలేదు. సేటు చేను వైపు చూడటం మానేసి ఆ వేళ్లనే చూస్తూ కూర్చున్నాడు.

రిమోటు అందిస్తూ అల్లుడు చెప్పాడు. “అన్నా, బోదె అచ్చిందంటే ఏలు తియ్యి. ఎగురనియ్యకు. ఇయ్యాల గెలుసుడు గాదు, పూర్తి చేసుడే.”

నీలం మెటల్ చేతుల బండ్లు ముందు బాణాల్లా పోయాయి. తర్వాత గడ్డలకు కొట్టుకుని ఒకటి గేరు డబ్బ పగిలి ఆగింది, ఇంకొకటి దాని పక్కనే ఆగింది. మా బండి చివరిదాకా నడిచింది. రెండో స్థానంలో వచ్చాం. పూర్తి చేసిన బండ్లను వెనక నుంచి లెక్కపెడితే.

సేటు బండిని చంకలో పెట్టుకుని వచ్చాడు. “కప్పు అస్తే అలమారల పెట్టుకుంట తమ్మీ, దుకాణం నడుస్తదా దాంతోని? తప్పు ఏడున్నదో పట్టుకోని, లొల్లి చెయ్యకుంట సక్కజేసెటోడు గావాలె నాకు. రేపటి సంది రా.”

నా బిడ్డ అక్కడే ఫోన్ తీసి ఏజెంటుకు కలిపింది. “ఆయన అస్తలేడు” అని, అవతలివాడు ఏదో అంటుంటేనే పెట్టేసింది.

ఇప్పుడు అల్లుడు జగిత్యాలలోనే ఉన్నాడు. సాంచా నూనె డబ్బా మళ్లీ మా మంచం కిందికి చేరింది. ఇంత రాసి, ఈసారి ఉన్నది ఉన్నట్టు చెప్పానన్న ధీమాతో మా ఇంట్లామెకు చదివి వినిపించాను. బీడీలు చుడుతూనే అంతా విన్నది. చివర్లో దారం తెంపి నావైపు చూసింది.

“కమ్మల ముచ్చట నిజమే, మోటర్ ముచ్చట నిజమే. గని నువ్వేడ ముందుకచ్చినవయ్యా? సేటు అడుగుడుతోనే నీళ్లు తాగస్తనని బోరు కాడికి పోయినవ్. నీ పేరు రావద్దని ‘నేనే పోసిన అన్నా’ అన్నడు అల్లుడు. సేటు బండి తీసుకోని పోతనే ఉండె. ‘ఆయన గాదు, మా ముసలోడు పోసిండు’ అని అడ్డం నిలవడ్డది నేను. రాసుకో.”