మావ గొంతు కోసం నొక్కిన బటన్

మా ఆయన పోయి ఏడాది కావస్తోంది. ఆయన పేరు నేనెప్పుడూ నోటితో పలకలేదు. మా వైపు ఆడవాళ్ళం పలకం. ఆ పేరు తగులుతుందని రామతీర్థాన్ని కూడా ‘కొండ మీద దేవుడి ఊరు’ అనేదాన్ని. అది ఏ ఊరో కండక్టరుకు తెలిసేసరికి నా స్టాపు దాటిపోయేది. ఫోన్లో కూడా ఆయన ‘మావ’ అనే ఉన్నారు.

ఆ ఫోన్లోనే ఆయన గొంతు ఉంది. పొలం నుంచి పంపిన కబుర్లు. “ఒసే, తిన్నావేటి? నాకు ఆలీసమౌతాది.” రోజూ వింటాను. బతికుండగా ఇంత శ్రద్ధగా విన్నానా అంటే, లేదు.

మొన్న ఆ కబుర్లుండే యాప్ తెరిస్తే తెరనిండా ఇంగ్లీషు. కింద ఒకటే బటన్. నా చదువుకి తెలుగే కష్టం. గజపతినగరంలో ఫోన్లు బాగుచేసే బేబీ దగ్గరకు పరిగెత్తాను.

“నీ వివరాలు ఈ యాప్ వాళ్ళ మిగతా కంపెనీలకూ ఇస్తారట పిన్నీ. ఒప్పుకోమంటన్నారు.”

“ఒప్పుకోకపోతే?”

“ఈ యాప్ తెరుసుకోదు.”

“ఇంకోటి లేదేటే?”

“ఎందుకు లేదు, ఉన్నాది. ఊరంతా ఇందులోనే ఉండిపోనారు. అందులో నువ్వొక్కర్తివే కూకుంటావు.”

“అందులో మావ ఉంటాడేటి?”

నేను బటన్ నొక్కేశాను. వంకాయలు కొంటే ఒక్కోటీ తిరగేసి పుచ్చు వెతికే మనిషిని! ఊళ్ళో ఎవరికీ చెప్పని మొగుడి పేరుతో సహా (నంబరు ఆయన పేరు మీదే ఉంది) అన్నీ, ఏ దేశంలో ఉన్నారో తెలియని వాళ్ళకు వేలితో ధారపోశాను.

“అందరిసేతా ఇలాగే నొక్కిస్తన్నారు,” అంది బేబీ. “వేరే దారి లేకుండా సేసి ఒప్పిస్తే అది ఒప్పుకోవడం కాదు పిన్నీ. మరీ పెద్దదైపోయిన కంపెనీ అలా సెయ్యకుండా సూడ్డానికి ఢిల్లీలో కాంపిటీషన్ కమిషన్ ఉన్నాది. మా వినియోగదారుల సంఘం దానికి ఫిర్యాదు రాస్తన్నాది. నీ సంగతీ రాయనా?”

“నా కోసం ఢిల్లీలో ఎవరు కూకున్నారే?”

“నీలాటోళ్ళ కోసమే. వివరాలిస్తేనే గొంతు వినిపిస్తామని ముడెట్టకూడదని అడుగుదాం. అది ఎవరి గొంతో రాయాల. బాబాయి పేరేటి?”

నేను గోడకేసి చూశాను. “ఆ కొండ మీద దేవుడి పేరే.”

“ఏ కొండ? సింహాచలమా?”

“కాదే!”

“కంపెనీకి సెప్పీసి నాకు సెప్పవేటి?”

తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కానీ ఆ గొంతు నాదని అడగాలంటే తప్పదు.

“రాముడు,” అన్నాను.

ఆకాశమేమీ విరిగి పడలేదు. కంగారులో నా వేలు ఫోన్లో ఆయన కబురుకు తగిలింది. ఆయన ఏమీ విననట్టే, “ఒసే, తిన్నావేటి?” అన్నారు.