గోడవార స్టూలు

ఆ ఆపరేషన్ గదిలో గోడవారగా ఒక ఇనుప స్టూలు ఉండేది. పెద్ద డాక్టరమ్మ దాని మీద కూర్చుని చూస్తోందంటే, కత్తి పట్టినవాడు ఇంకా శిష్యుడేనని అర్థం. ఆపరేషన్ మధ్యలో లేచి టీకి వెళ్లిపోయిందంటే, అతను ఇక క్యాన్సర్ సర్జన్ అయినట్టే. ఈ మాట ఏ రూల్సులోనూ లేదు. అయినా స్ట్రెచర్ తోసేవాడి దగ్గర్నుంచి మత్తు డాక్టరు దాకా అందరికీ తెలుసు. ఎవరికైనా స్టూలు ఖాళీ అయిందంటే ఆ సాయంత్రం అందరి నోళ్లూ తీపి కావలసిందే.

మన నిదానానికి మాత్రం అది ఖాళీ కావడం లేదు.

నిదానం అని కన్నవాళ్లు పెట్టలేదు లెండి, నర్సులు పెట్టారు. మధ్యాహ్నం భోజనాల వేళ దాటిపోతున్నా అతను ఒక్కో రక్తనాళాన్నీ బుజ్జగిస్తున్నట్టు విడదీస్తుంటే, పనిముట్లు అందించే సిస్టరమ్మ నిట్టూర్చి "నిదానమే ప్రధానం" అనేది. ఆ పేరు అతుక్కుపోయింది.

అంతకు ముందు అతను మామూలు సర్జన్. సొంత ప్రాక్టీసు, చేతినిండా పని. ఒకసారి ఎవరిదో పొట్ట తెరిచి, లోపల గడ్డను చూసి, ఇది నా వల్ల కాదని మళ్లీ కుట్టేశాడు. పేషెంటుకు మెలకువ వచ్చాక "తీసేశారా బాబూ?" అని అడిగితే, చార్టు చూస్తున్నట్టు తల వంచుకున్నాడు. ఆ ప్రశ్నే అతన్ని తిరిగి విద్యార్థిని చేసి ఈ క్యాన్సర్ సర్జరీ ఫెలోషిప్‌లో కూర్చోబెట్టింది. చుట్టాలు ఫోన్ చేసి అల్లుడేం చేస్తున్నాడని అడిగితే "నెత్తి నెరిసింది గానీ పలక వదల్లేదు" అని చెప్పేది అత్తగారు. ఆవిడ నోట్లో వెటకారం ఎంతో, అల్లుడి మీద ముద్దూ అంతే.

చదువు ముదిరి ఇంటికి కూడా పాకింది. ఆపిల్ పండు మీద చిన్న మచ్చ ఉంది, కాస్త తీసి పెట్టండని భార్య ఇస్తే, మచ్చ చుట్టూ వేలెడు మేర మంచి కండ కూడా కలిపి తీసి అవతల పెట్టేవాడు. క్యాన్సర్ గడ్డను అలాగే తీయాలి మరి. అంచు వెంబడి కోస్తే పిసరంత మిగిలినా మళ్లీ మొలుస్తుంది. "మచ్చ తీయమంటే పండునే తీసేశారు, ఇక పిల్లకి తొడిమ పెట్టనా?" అని భార్య కత్తి లాక్కుంది. అప్పట్నుంచి ఆ ఇంట్లో అతనికి కత్తి నిషేధం.

రెండేళ్ల ఫెలోషిప్ చివరికొచ్చింది. అతనితో పాటు చేరిన కుర్ర సర్జన్‌ని మెరుపు అనేవారు. మెరుపుకి స్టూలు ఎప్పుడో ఖాళీ అయింది, మిఠాయిలూ అరిగిపోయాయి. నిదానం ఆపరేషన్ చేస్తుంటే పెద్ద డాక్టరమ్మ రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని చివరిదాకా అక్కడే కూర్చునేది. ఆవిడకు ఏసీ పడదు కాబోలు, చేతులు వెచ్చబెట్టుకుంటోందని అందరూ అనుకునేవారు. నిదానం తల తిప్పలేడు గనుక మధ్యమధ్య "మేడమ్, ఉన్నారా?" అని అడిగేవాడు. "ఉన్నాను, కానివ్వు" అనేది ఆవిడ. ఆ జవాబు వినగానే అతనికి ధైర్యం వచ్చేది, వెంటనే సిగ్గూ వేసేది. ఇలాగే కోర్సు ముగిస్తే సర్టిఫికెట్టు చేతికొస్తుంది, నమ్మకం మాత్రం రాదు. అదే అతని బెంగ.

చివరి వారంలో ఒక రిటైరైన బస్సు కండక్టరు వచ్చాడు. పెద్దపేగులో గడ్డ. స్కానులో ఎక్కడికీ పాకినట్టు లేదు. నిదానానికే అప్పగించారు. డాక్టరుగారి పేరు కండక్టరు చెవిన కూడా పడినట్టుంది, మత్తు ఇచ్చే ముందు నవ్వాడు.

"సర్వీసంతా తొందరపడే డ్రైవర్లతో వేగాను డాక్టరుబాబూ. ఇన్నాళ్లకి నిదానంగా నడిపేవాడు దొరికాడు. మీరు మెల్లిగానే కానివ్వండి, నాకేం పనుంది?"

పని సాఫీగానే సాగింది. కొంతసేపటికి నిదానం అలవాటుగా "మేడమ్, ఉన్నారా?" అన్నాడు. జవాబు రాలేదు. సిస్టరమ్మ మాస్కు పైనున్న కళ్లతోనే నవ్వి, టీకి వెళ్లారని చెప్పింది. మత్తు డాక్టరు మిఠాయి మాట ఎత్తాడు. నిదానానికి ఒళ్లంతా తేలికైపోయింది.

ఆ తేలిక ఎంతోసేపు నిలవలేదు. పెద్దపేగును మెల్లగా పైకి ఎత్తబోతే, గడ్డ వెనకాల చిన్నపేగు మొదటి వంపుకు అతుక్కుని ఉంది. స్కాను చెప్పని సంగతి. వేలితో కదిపి చూశాడు. కాస్త ఒత్తి లాగితే ఊడి వచ్చేలాగే ఉంది. అలా లాగితే పని తొందరగా అయిపోతుంది, స్టూలు ఖాళీగానే ఉంటుంది, సాయంత్రం మిఠాయీ దక్కుతుంది. కానీ ఆ అతుకు వట్టి వాపో, లోపలికి పాకిన జబ్బో వేలికి తెలియదు. జబ్బే అయితే, లాగిన చోట అది మిగిలిపోతుంది. చిన్నపేగు గోడను కూడా కొంత కలిపి తీసి కుట్టాలి. ఆ పని అతను పక్కన నిలబడి చూశాడే గానీ, తన చేత్తో ఎప్పుడూ చేయలేదు.

చేతులు ఆపేశాడు. మేడమ్‌ని పిలవమన్నాడు. నిజమా అన్నట్టు చూసింది సిస్టరమ్మ. పిలిచి తెప్పించుకున్నవాడికి స్టూలు ఖాళీ అయినట్టు ఎవరు లెక్కేస్తారు? ఆ సంగతి అతనికీ తెలుసు. అయినా మాట మార్చలేదు.

పెద్ద డాక్టరమ్మ వచ్చి వెనక నుంచి తొంగి చూసింది.

"ఊడి వస్తుందా?"

"వస్తుంది మేడమ్. కానీ లాగకూడదు. చిన్నపేగు ముక్క కూడా కలిపి తీయాలి. నేనెప్పుడూ చేయలేదు. మీరు ఎదురుగా నిలబడాలి."

ఆవిడ చేతులు కడుక్కుని వచ్చి, పొట్ట అంచుల్ని వెనక్కి పట్టే కొక్కెం అందుకుని, శిష్యుడు నిలబడే చోట నిలబడింది. కత్తి మాత్రం తీసుకోలేదు. కోసిందీ కుట్టిందీ అతనే. ఆ రోజు సిస్టరమ్మ సామెత జోలికి పోలేదు.

ఇంటికెళ్లి, నాకు స్టూలు ఖాళీ అయినట్టే అయి కాలేదని భార్యతో చెప్పాడు. ఆవిడ నిషేధం ఎత్తేసి, ఒక ఆపిల్ పండూ కత్తీ చేతికిచ్చింది.

ల్యాబు రిపోర్టు వచ్చింది. అతుక్కున్న చోట ఉన్నది జబ్బే. కోసిన అంచులన్నీ శుభ్రం. ఆ రిపోర్టుతో వార్డుకెళ్తే, కండక్టరు లేచి కూర్చుని అడిగిన మొదటి మాట "తీసేశారా బాబూ?" నిదానం తీసేశామని చెప్పాడు, మొత్తం తీసేశామని ఇంకోసారి చెప్పాడు, ఏదో గుర్తొచ్చినట్టు వరండాలోకి వెళ్లి కళ్లు తుడుచుకున్నాడు.

ఆఖరి రోజున అతను ఆపరేషన్‌కి చేతులు కడుక్కోబోతుంటే పెద్ద డాక్టరమ్మ వద్దంది. కొత్తగా చేరినమ్మాయి చేస్తుంది, వెళ్లి కూర్చోమని స్టూలు చూపించింది.

"మెరుపు చెయ్యి మంచిది, అందుకే ధైర్యంగా బయటికెళ్లాను. నువ్వేమో బయటికెళ్లిన నన్ను వెనక్కి పిలిచావు. రేపట్నుంచి కొత్తవాళ్లకి నువ్వే కాపలా, ఇక్కడే ఉండిపో" అని టీకి వెళ్లిపోయింది.

కూర్చుంటే గానీ తెలియలేదు, ఆ స్టూలుకి ఒక కాలు పొట్టిది. కొత్తమ్మాయి కత్తెర రవ్వంత పక్కకి ఒరిగింది. నిదానం చెయ్యి దానంతటదే లేచింది. అమ్మాయి తనే చూసుకుని సర్దుకుంది. కాసేపటికి మళ్లీ ఒరిగింది, మళ్లీ చెయ్యి లేచింది. ఇక లాభం లేదని రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని గట్టిగా కూర్చున్నాడు. అప్పుడు తెలిసింది, రెండేళ్లుగా డాక్టరమ్మకు వేసింది చలి కాదని.

అమ్మాయి తల తిప్పకుండానే అడిగింది.

"సార్, ఉన్నారా?"

"ఉన్నానమ్మా, కానివ్వు."