తాత బండికి నేను పెట్టిన సీటు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇరవై ఏళ్ళ వయసు, మావాళ్ళు వలసొచ్చి స్థిరపడిన హిందీ ఊళ్ళో ట్రక్కుల ఫ్యాక్టరీలో అప్రెంటిస్‌ని, మా బ్యాచ్‌లో ఉన్న ఇద్దరాడపిల్లల్లో ఒకతెని. చేతికి గ్రీజు అంటితే కడుక్కోకుండానే బస్సెక్కేదాన్ని, పదిమందీ చూడాలని. (నా పక్క సీటు ఎప్పుడూ ఖాళీగానే ఉండేది. అది గౌరవమనుకునేదాన్ని.) ఆ ధీమాయే లేకపోతే, బారిడీహ్‌లో మావయ్య క్వార్టర్ వెనక గోనెపట్టాల కింద పడి ఉన్న మోటార్‌సైకిల్ జోలికి నేను పోయేదాన్నే కాదు.

ఆ బండి మా తాతది, అంటే అమ్మ వాళ్ళ నాన్నది. తాత కార్ఖానాలో ఫిట్టరుగా ఉన్నప్పుడు ఒక ఇంగ్లీషు దొర దాన్ని ఓడలో తెప్పించుకున్నాడట. స్వదేశం పోతూ, దాని ఆలనాపాలనా చూసిన తాతకే ఇచ్చి పోయాడు. వింత బండి. మిడతలా సన్నగా ఉండేది, సైలెన్సరు నడుము ఎత్తుకి పైకి లేచి ఉండేది, సీటు ఉండాల్సిన చోట అరచేతి వెడల్పున ఒక చిన్న దిండు. తాత దాన్ని నడపగా ఎవరూ చూడలేదు. ఇంతలో మావయ్య రిటైరయ్యాడు. క్వార్టర్ ఖాళీ చేసి, తాతతో సహా అందరూ గోవింద్‌పూర్‌లో మూడో అంతస్తు ఫ్లాటుకి మారాలి. అక్కడ కింద ఒక్క బండికే చోటు, ఆ చోటు మావయ్య స్కూటరుది.

అసలు ఇదేం బండో కనుక్కుందామని సాక్చీలో ఇంటర్నెట్ సెంటరుకెళ్ళి, పాత బండ్ల వాళ్ళు రాసుకునే చోట దీని ఫొటో ఎక్కించాను. వారానికి కలకత్తా నుంచి ఒక బాబు బారెడు జవాబు రాశాడు. ‘ఇది ట్రయల్స్ పోటీల బండి, మన దేశంలో చాలా అరుదు, నేను కొంటాను’ అన్న దాకా చదివి, ఫోన్ నంబరు రాసుకుని, మిగతాది వదిలేసి మావయ్య ఇంటికి పరిగెత్తాను. (నా పరిశోధన అక్కడితో సమాప్తం.) మావయ్య ఆ సాయంత్రమే ఫోన్ చేసి, నెల తర్వాత వచ్చి పట్టుకెళ్ళమన్నాడు. తాత అన్నం సగంలో చెయ్యి కడిగేసుకున్నాడు. నా వేలితో తాత కన్ను పొడిచినట్టయి నాకు ఏడుపొచ్చింది.

“మావా, అమ్మీకు. నేను నడిపించి సూపిత్తాను” అన్నాను.

“నడిత్తే సరిపోద్దేటే? ఇద్దరు కూకుని బజారుకెళ్ళొచ్చేటట్టుండాల. మీ అత్తనెక్కించుకుని భాలుబాసా ఎల్లి కూరగాయలట్టుకురా. అప్పుడు నా స్కూటరు అమ్మేసి దీన్నే ఉంచుతాను. నేదా, కలకత్తా బాబుకే!” అన్నాడు మావయ్య.

ఇక చూసుకోండి నా ప్రతాపం. డ్యూటీ దిగడం, బారిడీహ్ పోవడం, నెలరోజులూ అదే పని. కార్బురేటర్ కిరసనాయిల్లో నానబెట్టి కడిగాను, పాత రంగు గీకేసి ఎర్రరంగు కొట్టాను. దిండు పీకేసి, ఇద్దరు హాయిగా కూర్చునే పొడుగాటి సీటు బిగించాను. అత్తకి చీర చక్రంలో పడకుండా శారీగార్డు, సంచీకి క్యారియరు. వీటన్నిటికీ ఎక్కడ పడితే అక్కడ కన్నాలు పొడిచాను. మధ్యమధ్యలో భయమేసి, “తాతా, ఈ రాడ్డుకి కన్నమెడితే పరవాలేదా?” అంటే, తాత సుద్దముక్కతో తనే గుర్తు పెట్టేవాడు. “ఎట్టీయే. పక్కన ఇంకోటి కూడా ఎట్టు, గట్టిగుంటాది.” నా పనితనం మీద తాతకి అంత నమ్మకమని పొంగిపోయాను.

పరీక్ష రోజు వచ్చింది. వీధి వీధంతా బయటికొచ్చి చూస్తుంటే మూడో కిక్కుకి బండి గర్జించింది. అత్త సంచీ ఒళ్ళో పెట్టుకుని దేవుణ్ణి తలుచుకుని ఎక్కింది. చప్పుడు చూస్తే రైలింజను, కదలిక చూస్తే పెళ్ళి ఊరేగింపు. టాప్ గేరులో కూడా సైకిళ్ళు మమ్మల్ని దాటిపోతున్నాయి. పాలవాడు ఒకడు సైకిల్ నెమ్మది చేసి, “దీదీ, ధక్కా లగాఊఁ?” అని అడిగాడు, పాపం నిజంగా తోద్దామనే. సగం దారిలో అత్త, “నన్ను దించీయే తల్లీ. నేను నడిసెల్లి బంగాళాదుంపలు కొనుక్కుని, తిరిగొచ్చేటప్పుడు నిన్ను కలుత్తాను” అంది. అన్నట్టే కలిసింది కూడా. సంచీతో అత్త ముందు నడుస్తుంటే, వెనకాల నేను గర్జిస్తూ ఇల్లు చేరాను. మావయ్య నావైపు చూడనైనా చూడకుండా కలకత్తాకి ఫోన్ చేశాడు.

ఆదివారం బాబు రానే వచ్చాడు. ఎలాగూ పోతోంది కదా, నా పనైనా మెచ్చుకుంటాడని బండి మీది దుప్పటి లాగాను. ఆయన చూసి, గుమ్మం మెట్టు మీద కూలబడ్డాడు. “అరే బాప్ రే! యే క్యా కర్ దియా?” ఎంత పని చేశారంటాడు. ఈ బండి మీద కూర్చోరట, నిలబడే నడుపుతారట. రాళ్ళమీదా వాగుల్లోనూ కాలు కింద పెట్టకుండా మెల్లగా ఎక్కించడమే పోటీయట. ఆ దిండు, ఆ పాత రంగు, ఆ కన్నాల్లేని ఫ్రేమే దాని విలువట. “దేన్నీ ముట్టుకోవద్దని రాశాను కదమ్మా!” అన్నాడు హిందీలో. నేను గోడ మీది క్యాలెండరు శ్రద్ధగా చూశాను. ఆయన టీ సగం తాగి వెళ్ళిపోయాడు.

“పాడు సేసినదానివి నువ్వే, నువ్వే అట్టుకుపో! నా కంటికి కనబడకూడదది!” అని మావయ్య కేకలేశాడు. బండిని భాలుబాసాలో మా ఇంటికి తీసుకుపోవడానికి బయటికి తోస్తూ, సిగ్గుతో ఏడుస్తూ అన్నాను, “తాతా, నీ బండిని నాశనం సేసేసేను.”

తాత దగ్గొచ్చేదాకా నవ్వాడు. “దొర నిలబడి తోలేవోడు, నట్లు బిగించేవోణ్ణి నేను. నాకు తెలవదేటే?”

“మరి సెప్పలేదేటి?”

“సెప్తే కన్నాలెట్టేదానివా? కన్నాలు నేకపోతే ఈపాటికి బండి కలకత్తా రైలెక్కీది.”

అంటూనే తాత పంచె ఎగ్గట్టి వెనక సీటెక్కాడు. “పద, తియ్యి. ఇన్నేళ్ళు తుడిసేను గానీ దీనిమీద ఒక్కపాలీ కూకోనేదు. నాకు సోటేదీ?” భాలుబాసా దాకా నా భుజం పట్టుకుని కూర్చున్నాడు. సైకిళ్ళు దాటిపోతుంటే ఒక్కొక్కరికీ చెయ్యూపి, “జావ్ భాయీ, హమ్ కో జల్దీ నహీఁ!” అని, మాకేం తొందర లేదన్నట్టు దారిచ్చాడు. అంత సంతోషంగా తాతని నేను మళ్ళీ చూడలేదు.

తాత పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు ఆ బండి గురించి నాకు నిజంగానే అంతా తెలుసు. కన్నాలు ఎలా పూడ్చాలో, ఆ దిండు ఎలా కుట్టించాలో, పాత రంగు ఏ వన్నెదో, అన్నీ. పాత బండ్ల సంగతి తెలిసినవాళ్ళు వచ్చి చూసి, ఆ సీటు తీసేస్తే సగం పనైపోతుందంటారు. నిజమే. రెండుసార్లు మొదలుపెట్టాను కూడా. బోల్టు మీద స్పానర్ పెట్టాక చెయ్యి తిరగలేదు. కాస్త గుడ్డ తడిపి సీటు తుడిచి లోపలికొచ్చేశాను. ఇంతసేపూ ఏం చేశావని మా ఆయన అడిగితే, దుమ్ము పట్టిందన్నాను.